మడతల్లో చిట్లిన వెంకటగిరి చీర గురించి

మీ అమ్మమ్మగారి వెంకటగిరి జరీ చీర మడతల దగ్గర చిట్లుతోందనీ, దానిలోంచే బుట్ట చేతుల రవిక కుట్టించి నెల్లూరులో పెళ్లికి కట్టుకోవాలనీ రాశారు. చీరను మాత్రం కోయకండి. అంత సన్నని పాత నూలు కుట్టు లాగుడుకు ఆగదు. చిట్లిన చోట వెనకనుంచి పలుచని మల్లు గుడ్డ పెట్టి, నూలు దారంతో వదులుగా చేతికుట్టు వేయించండి. నైలాన్ దారం నేతనే కోసేస్తుంది. నల్లబడ్డ జరీని చింతపండుతో తోమకండి. ఆ ఘనకార్యం నేను చేశాను, అంచు ఊడి చేతికొచ్చింది! వెండి జరీకి నలుపు సహజం, నాకైతే ఆ ఛాయే ఇష్టం. రవికకు వేరే నూలు గుడ్డ తీసుకోండి. భుజం దగ్గర కుచ్చు నిలబడాలంటే లోపల ఆర్గండీ, అంటే బిరుసుగా ఉండే పలుచని నూలు గుడ్డ, పట్టీ వేయమని దర్జీకి చెప్పండి. తర్వాత చీరను ప్లాస్టిక్ సంచిలో కాకుండా పాత పంచెలో చుట్టి, అప్పుడప్పుడూ మడతలు మార్చండి.