సెల్యులైట్ లేజర్‌తో తొడ కాలింది, సంతకం చేశానంటున్నారు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: తొడల మీద సెల్యులైట్ గుంటలు శాశ్వతంగా పోతాయని ప్రకటన చూసి, ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో ఎనిమిది సిట్టింగుల లేజర్ ప్యాకేజీ తీసుకున్నాను. కొంత నేను కట్టాను, మిగతాది ఫైనాన్స్ కంపెనీ ద్వారా ఈఎంఐ పెట్టించారు. నాలుగో సిట్టింగులో చర్మం కాలి బొబ్బలు లేచాయి. ఐదు నెలలైనా అక్కడ నల్ల మచ్చలు అలాగే ఉన్నాయి, గుంటలూ పోలేదు. ఆ రోజు లేజర్ చేసింది డాక్టర్ కాదు, టెక్నీషియన్. అడిగితే, ‘బొబ్బలు రావచ్చని, డబ్బు వాపసు ఉండదని ఫారంలో ఉంది, మీరే సంతకం పెట్టారు. కావాలంటే రెండు సిట్టింగులు ఉచితంగా చేస్తాం’ అంటున్నారు. కేసు వేయవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: వేయవచ్చు. కానీ ‘గుంటలు పోలేదు’ అన్నదాన్ని ఫిర్యాదుకు ఆధారం చేసుకోకండి. చికిత్స ఫలించకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కాదని కోర్టులు పదేపదే చెప్పాయి. మీ కేసు బలం వేరేచోట ఉంది: చర్మం ఎలా కాలింది, మీకు ముందు ఏం చెప్పారు, ఏం ఆశ చూపి డబ్బు కట్టించుకున్నారు అన్న వాటిలో.

ముందు ప్రకటన సంగతి. చర్మం కింద కొవ్వును గదులుగా విడదీసే పీచు లాంటి తంతువులు చర్మాన్ని లోపలికి లాగి పట్టుకోవడం వల్ల సెల్యులైట్ గుంటలు పడతాయి. చర్మం పైనుంచి వేడినిచ్చే లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ పరికరాలు ఆ తంతువులను తెంచలేవు. కొంత నునుపు కనిపించినా అది కొన్నాళ్లే. మందులు, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా ఎఫ్‌డీఏ సైతం ఇలాంటి పరికరాలకు అనుమతి ఇచ్చేటప్పుడు ‘తాత్కాలిక’ మెరుగుదల అనే రాస్తుంది. చిన్న గాటు పెట్టి చర్మం కిందికి ఫైబర్ పంపే 1440 నానోమీటర్ల లేజర్ పద్ధతి వేరు. అది మత్తు ఇంజెక్షన్‌తో, సాధారణంగా ఒకే విడతలో జరుగుతుంది. మీ బిల్లులో ఏ పద్ధతి రాశారో, నిజంగా ఏది చేశారో సరిచూడండి. పైపై చికిత్సకు ‘శాశ్వతం’ అని ప్రకటించి ఉంటే, అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన, అనుచిత వాణిజ్య పద్ధతి కూడా. ఆ ప్రకటనను, వాళ్ల పేజీలోని ‘ముందు, తర్వాత’ ఫొటోలను ఈరోజే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. నోటీసు అందిన మర్నాడు అవి అక్కడ ఉంటాయన్న నమ్మకం లేదు.

ఇక చర్మం కాలడం. లేజర్‌తో చర్మం కాలిందంటే సాధారణంగా కారణాలు కొన్నే. చామనఛాయ, నలుపు చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి అదే వేడిని ముందుగా పీల్చుకుంటుంది. తెల్లటి చర్మానికి సరిపోయే శక్తిని వీటిపై వాడితే బొబ్బలు లేస్తాయి. ఒకే చోట పల్స్ (లేజర్ కాంతి విడత) మీద పల్స్ పడినా, చల్లబరిచే ఏర్పాటు పనిచేయకపోయినా, ఎండకు కమిలిన చర్మంపై చేసినా అంతే. అందుకే ముందు చిన్నచోట టెస్ట్ ప్యాచ్ వేసి చూడాలి. మీకు వేశారా? మూడు సిట్టింగుల దాకా ఏమీ కాక నాలుగో దాంట్లో కాలిందంటే సెట్టింగ్ పెంచారేమో అన్నది మొదటి అనుమానం. అది తేలేది ట్రీట్‌మెంట్ చార్టులోనే.

కాబట్టి లీగల్ నోటీసుకు ముందే రికార్డుల కోసం క్లినిక్‌కు రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ అడగండి. ప్రతి సిట్టింగుకూ పరికరం పేరు, సీరియల్ నంబరు, తరంగదైర్ఘ్యం, చదరపు సెంటీమీటరుకు ఎన్ని జౌళ్ల శక్తి వాడారు, పల్స్ వ్యవధి, ఆ చోట లేజర్‌ను ఎన్నిసార్లు తిప్పారు, ఎవరు చేశారు, పర్యవేక్షించిన డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కోరండి. అంగీకార పత్రం నకలు, మెషిన్ సర్వీసు రికార్డు కూడా. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం అడిగిన రికార్డులను డాక్టర్లు 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ మౌనమే మీకు సాక్ష్యం. చార్టే లేదన్నారా, ఇంకా మంచిది.

సంతకం గురించి అంత భయం వద్దు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు చెప్పాకే తీసుకున్న అంగీకారం చెల్లుతుందని స్పష్టం చేసింది. రిసెప్షన్‌లో డబ్బు కట్టేటప్పుడు ముందుకు తోసిన అచ్చు ఫారం ఆ పని చేయదు. డాక్టర్ సంతకం లేదా? తేదీ, చికిత్స పేరు ఖాళీగా ఉన్నాయా? మీకు రాని భాషలో ఉందా? ఇవి రాసిపెట్టుకోండి. ఒకవేళ అన్నీ సక్రమంగా ఉన్నా, సరిగ్గా చేసినప్పటికీ వచ్చే బొబ్బలకే ఆ సంతకం వర్తిస్తుంది. నిర్లక్ష్యంగా కాల్చడానికి మీరేమీ అనుమతి ఇవ్వలేదు. టెక్నీషియన్ చేసిన తప్పుకు క్లినిక్ బాధ్యత వహించాల్సిందే.

‘వాపసు లేదు’ అన్న షరతు విషయంలో చాలామంది పొరపడుతుంటారు. ఆ షరతు అన్యాయమైన ఒప్పందమని రద్దు చేయమంటే, ఆ అభ్యర్థన రాష్ట్ర వినియోగదారుల కమిషన్ ముందు వేయాలి, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. మీకు ఆ తిప్పలు అక్కర్లేదు. సేవాలోపం, అనుచిత వాణిజ్య పద్ధతి కింద డబ్బు వాపసు అడగండి. లోపమున్న సేవకు డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడాన్ని చట్టమే అనుచిత పద్ధతుల్లో చేర్చింది. జరిగిన సిట్టింగులకూ, జరగని నాలుగింటికీ లెక్క విడివిడిగా చూపండి. మొదటిదాన్ని కమిషన్ తగ్గించినా రెండోది దాదాపు మిగులుతుంది. పరిహారం, మచ్చల చికిత్స ఖర్చు, కోర్టు ఖర్చులు వేరుగా కోరండి.

ఫిర్యాదు మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కనుక జిల్లా కమిషనే. అది 5 లక్షలు మించకపోతే ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయవచ్చు. గడువు కారణం పుట్టిన నాటి నుంచి 2 సంవత్సరాలు. మీరు నోటీసులు, బతిమాలే మెసేజ్‌లు పంపుతూ కూర్చుంటే ఆ గడువు ఆగదు. వాట్సాప్ సంభాషణలు జతచేసేటప్పుడు ఎలక్ట్రానిక్ రికార్డులను ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ పెట్టండి. ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో కిషన్ రావు కేసులో చెప్పినా, మీరు మాత్రం ప్రభుత్వ ఆస్పత్రి చర్మవ్యాధి నిపుణుడి దగ్గర మచ్చల కొలతలు, కారణం, అవి మాసిపోతాయా లేదా అన్నది రాయించుకోండి. వాపు తగ్గాక మిగిలే నల్లదనం చాలామందిలో నెలల తరబడి ఉండి మెల్లగా పోతుంది. మచ్చ శాశ్వతమని నిపుణుడు అనకుండా ఫిర్యాదులో అలా రాస్తే, అవతలి లాయరు ముందుగా పట్టుకునేది అదే.

ఉచిత సిట్టింగులు అస్సలు వద్దు. ఇప్పటికే కాలిన చర్మంపై మళ్లీ వేడి పెడితే మచ్చ ముదురుతుంది, ఏ సిట్టింగు వల్ల ఏ నష్టమో చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా ఆ పేరుతో ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితంపై సంతకం పెట్టిస్తారు.

పోలీసు కేసు ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. డాక్టర్లపై క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని జాకబ్ మాథ్యూ కేసు (2005) చెబుతోంది. అయితే మీ చికిత్సను పర్యవేక్షించారంటున్న ‘డాక్టర్’కు అసలు రిజిస్ట్రేషనే లేదని తేలితే కథ వేరు. అప్పుడు జిల్లా వైద్యాధికారికి, రాష్ట్ర వైద్య మండలికి వెంటనే రాయండి.

ఈఎంఐ మాత్రం మీ అంతట మీరు ఆపేయవద్దు, క్రెడిట్ స్కోరు పోతుంది. ఫైనాన్స్ కంపెనీకి విషయం వివరించి, మిగిలిన సిట్టింగులు రద్దు చేసుకున్నట్టు రాసి, ఆ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. తీర్పు వచ్చేదాకా వసూలు నిలిపేయమని ఫిర్యాదుతో పాటే మధ్యంతర దరఖాస్తు వేయండి.