రోబోను ముందుకు పంపే చేతికి

చిరంజీవి చిన్నాకి,

నాన్న ఆశీర్వదించి రాసేది. బాంబ్ స్క్వాడ్ బాధ్యత నీకిచ్చారని ఫోన్లో చెప్పావు. అప్పుడు నీ చుట్టూ స్టేషన్ సందడి, మాట సరిగా వినపడలేదు. అయినా ఇవి ఫోన్లో తేలిపోయే మాటలు కావు. వైర్ల గురించి, సర్క్యూట్ల గురించి నాకంటే కొత్త పాఠాలు నీకు కోర్సులో చెప్పే ఉంటారు. వాటి జోలికి నేను పోను. నీ కింద పనిచేసే మనుషుల గురించి, నీ చేతికొచ్చిన ఆ యంత్రం గురించి చెప్తాను.

రోబో ఉందని సంబరంగా చెప్పావు. సంబరపడాల్సిందే. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మా దగ్గర కొక్కెం, పొడవాటి తాడు, ఇసుక బస్తాలు, ఒక కుక్క ఉండేవి. అనుమానం ఉన్న సంచిని దూరం నుంచి లాగాలన్నా సరే, ఆ కొక్కెం తగిలించడానికి ఎవరో ఒకరు దాని దాకా నడవాలి. ఆ ఒక్కరు ఎవరన్నదే అసలు ప్రశ్న. మా మొదటి ఆఫీసరు దాని మీద చర్చ పెట్టేవారు కాదు. "మీరంతా వెనక్కి పోండి" అని తానే వెళ్లేవారు. ఆయన స్పీచులిచ్చే మనిషి కాదు, కోపిష్టి కూడా. కానీ ఆయన పిలిస్తే సెలవులో ఉన్న కానిస్టేబుల్ కూడా చెప్పులేసుకుని పరిగెత్తుకొచ్చేవాడు.

యంత్రాన్ని పంపాలనే ఆలోచన కూడా అలాంటి ఒక ఆఫీసరుకే వచ్చింది. 1970ల మొదట్లో ఉత్తర ఐర్లండ్‌లో కార్లలో బాంబులు పెట్టి వదిలేస్తుంటే, బ్రిటిష్ సైన్యంలో వాటిని తీసేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోతున్నారు. 1972లో పీటర్ మిల్లర్ అనే లెఫ్టినెంట్ కల్నల్ బ్యాటరీతో నడిచే తోపుడు బండి చట్రం తీసుకుని, దూరం నుంచే కారుకు కొక్కెం తగిలించి లాగేలా మార్చించాడు. 'వీల్‌బారో' అనే పేరు దానికి అలా వచ్చింది. తర్వాత దానికి కెమెరా వచ్చింది, చేయి వచ్చింది, నీటి దెబ్బతో బాంబును విడగొట్టే గొట్టం వచ్చింది. ఆ బండ్లలో చాలావాటిని పేలుళ్లు ముక్కలు చేశాయి. ముక్కలైన ప్రతిసారీ ఆ చోట ఒక మనిషి లేడన్నమాట. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్లు పుణెలో తయారుచేసిన 'దక్ష్' రోబో కూడా అందుకే పుట్టింది. 500 మీటర్ల దూరం నుంచి నడపొచ్చు, మెట్లెక్కుతుంది, ఎక్స్‌రే తీస్తుంది. 2011 డిసెంబరులో మొదటి విడత సైన్యానికి అందిందని పేపర్లో చదివిన రోజు ఆ కాగితం కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను.

అందుకని నీకు మొదట చెప్పేది ఇదే. రోబో వెళ్లగలిగిన చోటికి మనిషిని పంపకు. నువ్వూ వెళ్లకు. ఇది వినడానికి తేలిక, చేసేటప్పుడే తెలుస్తుంది ఎంత కష్టమో.

ఒక సంక్రాంతి ముందు రోజు జిల్లా కేంద్రంలో బస్టాండ్‌లో బెంచీ కింద సంచి ఉందని కంట్రోల్ రూమ్ నుంచి కబురొచ్చింది. పండగ రద్దీ చెప్పక్కర్లేదు. ప్లాట్‌ఫారాలు ఖాళీ చేయించాం, బస్సులు రోడ్డు మీదే నిలిచిపోయాయి. రోబోను దింపాం. బెంచీకి నాలుగు బారల దూరంలో ప్లాట్‌ఫారం అంచు విరిగి ఉంది, రోబో చక్రాల చుట్టూ తిరిగే చెయిన్ ఒక పక్కది అందులో దిగబడింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. రోబోను నడిపే కన్సోల్ ముందున్న హెడ్ కానిస్టేబుల్ గారు గుండీని కాస్త నొక్కుతారు, వదులుతారు, స్క్రీన్ చూస్తారు, మళ్లీ నొక్కుతారు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఇంకెంతసేపు, బస్సులెప్పుడు వదులుతారు, పత్రికలవాళ్లు వచ్చేశారు. అంతలో ఒక కుర్ర కానిస్టేబుల్ ముందుకొచ్చి "సార్, పరిగెత్తుకెళ్లి ఒక్క తోపు తోసి వచ్చేస్తా, అర నిమిషం" అన్నాడు. మంచి పిల్లాడు, ధైర్యస్తుడు, పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

చిన్నా, నాయకత్వం అంటే నాకు తెలిసింది ఆ క్షణమే. ఆ పిల్లాడి ధైర్యాన్ని వాడేసుకోవడం ఎంత సులువో చూడు. అతనే అడిగాడు, నేను పంపలేదు అని చెప్పుకోవచ్చు. పైవాళ్లు మెచ్చుకుంటారు, బస్సులు కదుల్తాయి. వద్దన్నాను. ఫోన్ మా డ్రైవర్ చేతికిచ్చి, సార్‌లు అడిగితే పని జరుగుతోందని చెప్పమన్నాను. హెడ్ గారు రోబో చేతిని నేలకి ఆనించి, దాని మీద బరువు మోపి, చెయిన్‌ను ఇంచీ ఇంచీ పైకి తెచ్చారు. వెనక్కి లాగి, పార్శిల్ కౌంటర్ దగ్గరున్న ర్యాంపు మీదుగా చుట్టు తిప్పి సంచి దగ్గరికి తెచ్చారు. తెరిచి చూస్తే సంచిలో అరిసెల డబ్బా, రెండు చీరలు, మందుల చీటీ ఉన్నాయి. కాసేపటికి ఒక పెద్దావిడ ఏడుస్తూ వచ్చింది, కూతురింటికి పోతూ మర్చిపోయిందట.

ఆ రోజు టీ తాగేటప్పుడు ఎవరో అన్నారు, అరిసెల కోసం ఇంతసేపా అని. ఆ మాట నీకూ వినపడుతుంది. పట్టించుకోకు. తెరిచాకే అవి అరిసెలు. తెరవకముందు ఏమిటో నీకూ తెలియదు, ఆ ఫోన్ చేసినాయనకీ తెలియదు. సంచిలో బాంబు లేదని తేలినంత మాత్రాన జాగ్రత్త వృథా అయినట్టు కాదని నీ టీమ్‌కి నువ్వే చెప్పాలి, గట్టిగా, అందరి ముందూ చెప్పాలి. లేకపోతే తర్వాతి సంచి దగ్గర వాళ్లు తొందరపడతారు.

టీమ్‌లో చాలామంది నీకంటే వయసులో పెద్దవాళ్లు. భుజం మీద నక్షత్రం చూసి సెల్యూట్ కొడతారు గానీ, కన్సోల్ మీద చేయి తిరిగినతనం వాళ్లది. పేరు చివర 'గారు' పెట్టి పిలువు. పని జరుగుతున్నప్పుడు ఆపరేటర్ భుజం మీదుగా వంగి "ఎడమకి, ఎడమకి" అని అరవకు. ఏం కావాలో ఒకసారి చెప్పి, పక్కకి జరుగు. కెమెరా ఒక కోణంలోనే చూపిస్తుంది, లోతు తెలియదు, ఆపరేటర్ బుర్రంతా అక్కడే ఉంటుంది. నీ కళ్లు ఉండాల్సింది వేరే చోట. జనం ఎక్కడున్నారు, సెల్‌ఫోన్ పట్టుకుని తాడు దాటుతున్నదెవరు, మనం నిలబడ్డ చోటు వెతికామా లేదా. 2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలాక దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి దగ్గర పేలని బాంబు ఇంకొకటి దొరికింది. 2013 ఫిబ్రవరి 21న అదే దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన బాంబులు రెండు వెంటవెంటనే పేలాయి. ఒక వస్తువు దొరికిందంటే అందరి చూపూ దాని మీదే ఉంటుంది. రెండోదాన్ని వెతకాల్సింది నువ్వు.

ఇంకో చిన్న సంగతి. రిమోట్‌తో బాంబు పేల్చకుండా రేడియో సంకేతాలను అడ్డుకునే జామర్ వేస్తే మన రోబో రేడియో కూడా మూగబోవచ్చు. అప్పుడు రోబోను నడపడానికి కేబుల్ చుట్ట ఎప్పుడూ బండిలో ఉండాలి, చిక్కుల్లేకుండా ఉండాలి. ఉందా అని అడిగి ఊరుకోకు, నీ చేత్తో విప్పి చూడు.

యంత్రం మీద మమకారం గురించి కూడా చెప్పాలి. అది పెరుగుతుంది. ఇరాక్‌లో అమెరికా సైనికులు బాంబుల పనికి వాడే తమ ప్యాక్‌బాట్ రోబోలకు పేర్లు పెట్టుకున్నారు, దెబ్బతింటే కొత్తది వద్దు, మాదే బాగుచేసి ఇవ్వండని అడిగారు. 2007లో ఒక అమెరికా పత్రికలో వచ్చిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తే. అరిజోనాలో యూమా దగ్గర, మందుపాతరల మీద కాలు వేసి వాటిని పేల్చే రోబోను పరీక్షిస్తున్నారు. పుల్లపురుగు లాంటి ఆకారం, చాలా కాళ్లు. ఒక్కో మందుపాతరకి ఒక్కో కాలు ఊడుతోంది, మిగతా కాళ్లతో లేచి మళ్లీ నడుస్తోంది. చివరికి ఒకే కాలుతో ఈడ్చుకుంటూ పోతుంటే, పరీక్ష నడిపిస్తున్న కల్నల్ చూడలేక ఆపేయమన్నాడట, ఇది అమానుషం అని.

ఆ కల్నల్‌ని నేను తప్పుపట్టను. అలాంటి గుండె ఉన్నవాడి కింద పనిచేయడానికి ఎవరైనా ఇష్టపడతారు. కానీ మైదానంలో ఆ జాలి నీకు కుదరదు. రోబో కోట్ల ఖరీదు కావచ్చు, నీకు పైనుంచి మెమో రావచ్చు, దాన్ని రోజూ తుడిచే ఆపరేటర్ కళ్లలో నీళ్లు తిరగొచ్చు. పంపు. పేలితే పేలనీ. ఆ మెమోకి జవాబు నువ్వు సంతకం పెట్టి రాయి, ఆపరేటర్ పేరు అందులో రానివ్వకు. ఆ ఒక్క కాగితంతో నీ టీమ్ నిన్ను నమ్ముతుంది.

యంత్రానికి బాధ్యత ఉండదు. 2016 జులైలో అమెరికాలోని డాలస్‌లో 5 మంది పోలీసులను కాల్చి చంపినవాడు కాలేజీ భవనంలో నక్కితే, బాంబులు తీసే రోబో చేతికే పేలుడు పదార్థం తగిలించి పంపి వాడిని చంపారు. అది సరైనదా కాదా అని ఇంకా వాదించుకుంటున్నారు. ప్రాణాలు కాపాడటానికి చేసిన యంత్రాన్ని అలా వాడటం నా మనసుకి ఎప్పటికీ పట్టదు. అయితే అక్కడి పోలీస్ చీఫ్ డేవిడ్ బ్రౌన్ ఆ నిర్ణయం తనదని నలుగురి ముందూ చెప్పాడు, కన్సోల్ దగ్గర కూర్చున్నవాడి మీదకు నెట్టలేదు. ఆ సంగతి మాత్రం గుర్తుపెట్టుకో. "రోబో చేసింది" అనే మాట నీ రిపోర్టులో ఉండకూడదు. నువ్వు చెప్పావు, అది చేసింది.

ఇక రోబో వెళ్లలేని రోజు. ఇరుకు సందు, బావి గట్టు, చెట్ల వేళ్ల మధ్య మట్టి రోడ్డు. ఏజెన్సీ అడవుల్లో మందుపాతర ఉన్న చోట్లకి యంత్రం చేరడమే కష్టం. ఆ రోజు ఎవరు వెళ్లాలన్నది ఆ రోజు తేల్చుకునే విషయం కాదు. డ్యూటీలో చేరిన వారంలోనే టీమ్‌ని కూర్చోబెట్టి, తప్పనిసరైతే నేను వెళ్తాను, నేను లేకపోతే ఫలానావారు, అని చెప్పెయ్యి. వెళ్లేది ఒక్కరే. ఇద్దరు నిలబడి ఆలోచించాల్సిన పనైతే వెనక్కి వచ్చి ఆలోచించండి. పేలుడు నుంచి కాపాడే బాంబ్ సూట్ బరువు 35, 40 కిలోల దాకా ఉంటుంది, మన ఎండల్లో అందులో కాసేపటికే కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకే మే నెల మిట్టమధ్యాహ్నం ఒకసారి అది వేసుకుని పరేడ్ గ్రౌండ్ చుట్టూ నడువు, వంగు, మోకాళ్ల మీద కూర్చుని లే. అప్పుడుగానీ ఇంకొకరికి "వేసుకో" అని చెప్పే అర్హత రాదు.

నీ మొదటి డ్రిల్ ఏ రోజో రాయి. రోబో బ్యాటరీలు ఎన్నేళ్లవో, ఛార్జింగ్ రిజిస్టర్ ఎవరు రాస్తున్నారో కూడా కనుక్కుని రాయి. మీ అమ్మ బాగానే ఉంది. నీకు ఆవకాయ పంపుతానంటోంది, చిరునామా క్వార్టర్స్‌దా, ఆఫీసుదా అని అడుగుతోంది.

మీ నాన్న