గీజర్ బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది రాజాం. 15 లీటర్ల గీజర్ కొని ఆరేళ్లయింది. వారం నుంచి నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి. మెకానిక్ రిపేరుకు 2,800 అవుతుందని, దానికంటే కొత్తది మేలని అన్నాడు. షాపులో 8,500, వడ్డీ లేని వాయిదాలట. అత్యవసరానికి మా దగ్గరున్నది 20 వేలే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఇంకా ఏదీ కొనకండి. ఆ 2,800 ఏ భాగానికో, పనికూలి ఎంతో విడివిడిగా రాసిమ్మని అడగండి. రాయనన్నవాడికి పని ఇవ్వొద్దు.

ముందు మీరే చూడగలిగినవి ఉన్నాయి. బయట తిప్పే నాబ్ ఉంటే, ఎవరైనా తగ్గించారేమో చూడండి. షవర్ మిక్సర్‌లో చన్నీళ్లు కలిసిపోతున్నాయేమో బకెట్ కుళాయి దగ్గర పట్టి చూడండి. లైటు వెలిగి, నీళ్లు కాగకముందే ఆరిపోతుంటే అనుమానం థర్మోస్టాట్ మీదే, అంటే నీళ్లు తగినంత కాగాక కరెంటు ఆపే భాగం మీదే. అది వందల్లో దొరికే భాగం. నీళ్లు అసలు కాగకపోతే, వాటిని కాచే కాయిల్ పోయి ఉండొచ్చు.

విజయనగరంలో మా అమ్మగారింట్లో కాయిల్ బయటికి తీసినప్పుడు చూశాను. బోరు నీళ్ల గార సున్నం గోడలా తెల్లగా, వేలి మందాన పట్టేసింది. ఆ గార లోపల కాయిల్ వేడెక్కి కాలిపోయింది. కాయిల్ మార్చి, ట్యాంకు కడిగించాక ఇప్పటికీ నడుస్తోంది. మీదీ బోరు నీళ్లయితే రెండేళ్లకోసారి కడిగించండి. లోపల ఉండే మెగ్నీషియం రాడ్డు అరిగిపోయిందేమో అప్పుడే చూపించండి. తుప్పు ట్యాంకును తినకుండా ఆ రాడ్డే ముందు తాను అరుగుతుంది.

ట్యాంకే కారుతుంటే మాత్రం దాని మీద రూపాయి పెట్టొద్దు, కొత్తదే కొనండి. అంతకుముందు వారంటీ కార్డు వెతకండి. ట్యాంకుకు విడిగా ఎక్కువ ఏళ్ల వారంటీ ఇవ్వడం మామూలే.

ఒక్క విషయంలో డబ్బు లెక్క చూడకండి. గీజర్ వేయగానే మీటర్ బోర్డులో స్విచ్ దానంతటదే పడిపోయి (ట్రిప్) కరెంటు ఆగినా, ప్లగ్ పిన్ను నల్లబడినా, కుళాయి ముట్టుకుంటే జివ్వుమన్నా స్విచ్ ఆపేసి ఎలక్ట్రీషియన్ను పిలవండి. అలా పడిపోయిన స్విచ్‌ను మళ్లీ మళ్లీ పైకెత్తొద్దు. గీజర్ మూత మీరు విప్పొద్దు.

ఇక వాయిదాల సంగతి. 'వడ్డీ లేదు' అన్నా, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, బ్యాంకు లోపల్లోపల లెక్కేసే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడొచ్చు. నగదుకు ఇచ్చే తగ్గింపూ పోతుంది. కొనక తప్పకపోతే నగదు ధర ఎంతో అడిగి, మీ 20 వేల నుంచే కొనండి. ఆ తర్వాత నెలకు 1,000 చొప్పున తొమ్మిది నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) వేస్తే ఆ గుంట పూడుతుంది. రిపేరుతో సరిపోతే నెలకు 300 పక్కన పెట్టండి చాలు. ఫ్రిజ్, మోటారు, గీజర్ మూడింటికీ అదే అక్కరకొస్తుంది.

మార్చిన పాత భాగాన్ని మాత్రం మెకానిక్ దగ్గర అడిగి తీసుకోండి.