ఎల్సా గౌను సరే, ఆ పౌడర్ సంగతి చూడండి

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. మా పాపకు ఆరేళ్లు. లేచింది మొదలు డిస్నీ బొమ్మల సినిమాల్లోని ఎల్సా, ఏరియల్, సిండ్రెల్లా... ఇదే గోల. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో బర్త్‌డే పార్టీకి ఎల్సా గౌను వేస్తే, నా పౌడర్ డబ్బా తీసి మొహానికి, మోచేతుల దాకా పూసుకుంది. ‘ఎల్సా తెల్లగుంటది కదా మమ్మీ’ అంది. మా అత్తమ్మ ఆదివారం నలుగు పెడుతూ ‘ఇట్ల పెడితేనే తెల్లగైతవ్’ అంటుంటారు, అదైతే మామూలే. ఈ సినిమాలు బంద్ చేయాలా? మా ఆయన ‘బొమ్మల సినిమాకు ఇంత రాద్ధాంతమా’ అంటున్నారు.

జవాబు: బంద్ చేయకండి. వద్దన్న కొద్దీ పక్క ఫ్లాట్‌కి వెళ్లి చూస్తుంది.

ఆ సినిమాల్లో తప్పుల్లేవని కాదు. 1937 నాటి స్నో వైట్‌లో రాణి అద్దాన్ని అడిగేదే అందరికన్నా అందగత్తె ఎవరని. 1989లో వచ్చిన ‘ది లిటిల్ మెర్మెయిడ్’లో జలకన్య ఏరియల్ మనిషి కాళ్ల కోసం గొంతు ఇచ్చేసుకుంటుంది. కానీ మీ పాపకు ఇష్టమైన ఎల్సా కథ అలాంటిది కాదు. 2013 నాటి ఆ ‘ఫ్రోజెన్’ సినిమాలో చెల్లెలు అన్నా అప్పుడే పరిచయమైన రాకుమారుణ్ణి పెళ్లాడతానంటే, కుదరదని చెప్పేది ఎల్సానే. చివర్లో అన్నాను బతికించేది కూడా రాకుమారుడి ముద్దు కాదు, అక్క కోసం తను కత్తికి అడ్డుపడటం. ఈసారి పక్కన కూర్చుని చూడండి. ‘అన్నా అంత తొందరగా ఊఁ అంది, నువ్వైతే ఏమంటావ్?’ అని ఒక్కటి అడిగి ఊరుకోండి. పాఠం చెప్పారో, లేచి వెళ్లిపోతుంది.

2009లో వచ్చిన ‘ది ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్’లోని టియానా కథ కూడా చూపించండి. చామనఛాయ కన్నా ముదురు రంగు పిల్ల, హోటల్లో వడ్డిస్తూ, వచ్చిన టిప్పులు డబ్బాల్లో దాచి సొంత రెస్టారెంట్ పెట్టాలనుకుంటుంది. అయితే ‘చూడు, నీ రంగే’ అని మాత్రం అనకండి. మీకూ రంగే ముఖ్యమని పిల్లకు అర్థమైపోతుంది.

ఇక, మీరు ‘మామూలే’ అని రాసి దాటేసిన మాట దగ్గరికి వద్దాం. ఎల్సా తెల్లగుంటుందన్నది సినిమాలో కళ్లకు కనిపించేదే. తను కూడా తెల్లబడాలన్నది మాత్రం వారం వారం స్నానాల గదిలో వింటున్న మాట. సున్నిపిండి మానక్కర్లేదు. నానమ్మ చేతి నలుగు పిల్లకు సుఖమే. ఆ ఒక్క మాట మానితే చాలు, ‘ఒళ్లు నున్నగైతది’ అంటే సరిపోయె. ఇది మీరు చెబితే కోడలు వంక పెట్టినట్టవుతుంది. మీ ఆయన్నే చెప్పమనండి. రాద్ధాంతం ఇష్టంలేని మనిషి కదా, కొడుకుగా నెమ్మదిగా ఆయనే చెప్పగలరు.

గౌను వేసుకోనివ్వండి, మన ఎండలకు ఆ నైలాన్‌ను ఎలాగూ పది నిమిషాల్లో తనే విప్పేస్తుంది. పౌడర్ లేనిదే గడప దాటనని మొండికేసినా, స్కూల్లో రంగు గురించి ఎవరో ఏదో అన్నారని ఏడుస్తున్నా ముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. అప్పటికీ తగ్గకపోతే పిల్లల సైకాలజిస్టుకు చూపించండి.