రాణి ఏనుగు ముచ్చట్లు రాసుకునేటప్పుడు

చిరంజీవి బిడ్డకు దీవెనలు.

మీ బడి పిల్లలతోని వాడకట్టు పెద్దలను అడిగించి, చిన్నప్పుడు జూల చూసిన జంతువుల ముచ్చట్లు రాయిస్తున్నవట. మంచి పనే, కానీ ఫోటో పట్టుకొని పోవద్దు. హైదరాబాద్ జూల ఉండిన రాణి ఏనుగు ఫోటో ముందే చూపిస్తే ఇగ ఆ ఫోటోల ఉన్నదే చెప్తరు. ఎవరితోని పోయిన్రు, బస్సుల పోయిన్రా రైలుల పోయిన్రా, సద్ది ఏం కట్టుకున్నరు, ఇవి ముందు అడగాలె. జంతువు దానంతట అదే వస్తది. ఫోటో ఆఖర్ల.

'పులి' అన్న మాట దగ్గర జర ఆగాలె. మన దిక్కు చిరుతనూ పులే అంటరు, పెద్దపులినీ పులే అంటరు. 'చారలున్నయా?' అని పిల్లలు అడిగితే పెద్దలు 'ఆఁ ఉన్నయి' అనేస్తరు. 'ఒంటి మీద ఎట్లుండె?' అని అడిగి ఊకోవాలె.

ఆయుష్షు లెక్క కూడా చూడు. జూల పెద్దపులి బతికేది పదిహేను, ఇరవై ఏండ్లు. తాత, మనుమడు ఇద్దరూ 'ఆ పులినే చూసినం' అంటే అవి రెండు పులులు. రాణి సంగతి వేరు. 1963ల హైదరాబాద్ జూ తెరిచిన కాలం నుంచి అక్కడుండి, 2021 జూన్‌ల 83 ఏండ్లకు పోయింది. బోనాలకు, మొహర్రం ఊరేగింపులకు పోయిన ఏనుగు అది. కాబట్టి మూడు తరాలు దాన్ని చూసి ఉండొచ్చు. అయినా అదే జూల వేరే ఏనుగులూ ఉండె, పేరు ఎట్ల తెలుసో అడిగించు.

ఎక్కువగా తప్పు వచ్చేది ఏ ఊర్ల చూసిన్రు అన్న కాడ. మన వరంగల్ హంటర్ రోడ్డు జూ 1985ల వన విజ్ఞాన కేంద్రంగ మొదలైంది. డెబ్భై ఏండ్లాయన 'చిన్నప్పుడు ఇక్కడే సింహం చూసిన' అంటే అది హైదరాబాద్ అన్నా అయి ఉండాలె, లేదా సర్కస్ డేరా. సర్కస్‌ల పులి, సింహం, ఎలుగుబంటి, కోతి ఆడించొద్దని 1998ల కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందు పిల్లలుగ ఉన్నోళ్ల తలకాయల డేరా, జూ కలిసిపోతయి. 'చుట్టూ కుర్చీలు ఉండెనా, నడుసుకుంట చూసిన్రా?' అంటే తేలిపోతది. ఆయన ముందట మాత్రం 'తాతా, అప్పుడు జూ లేదు' అనొద్దు, ముచ్చట అక్కడికే బందైతది. నోట్‌బుక్‌ల పేజీని రెండు భాగాలు చేసి ఎడమ దిక్కు ఆయన మాట, కుడి దిక్కు మీ అనుమానం రాసుకోవాలె.

రికార్డింగు ఫోనుతోనే చాలు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టి, తువాల మడిచి దాని మీద ఉంచు. ఉత్త బల్ల మీద పెడితే చెయ్యి తగిలిన చప్పుడంత వస్తది. ఫ్యాను బందు చెయ్యాలె. మొదట్ల తారీఖు, ఊరు, చెప్పేవాళ్ల వయసు మీ నోటితోనే చెప్పున్రి. నలభై నిమిషాలు దాటనీయొద్దు. పది నిమిషాల మాటలు కాగితం మీద పెట్టడానికి పిల్లలకు గంట పైన పడ్తది, అందుకని ఒక్కొక్కరికి పది నిమిషాలే పంచు. 'ఎలుగ్గొడ్డు' అంటే 'ఎలుగ్గొడ్డు' అనే రాయాలె, 'భల్లూకం' అని దిద్దే పిలగాండ్లు ప్రతి క్లాసుల ఒకరుంటరు.

జంతువు తారీఖులు కావాలంటే జూ ఆఫీసుకు చిన్న ఉత్తరం రాయి. జవాబు రాకుంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. 'మొత్తం వివరాలు ఇవ్వండి' అని అడిగితే ఏదీ సరిగ్గ రాదు. ఏ రోజు తెచ్చిన్రు, ఎక్కడి నుంచి, ఏ రోజు చనిపోయింది, ఈ మూడే అడుగు.

ముందు ఎనభై దాటినోళ్ల దగ్గరికి పోవాలె. పొద్దున పదింటి లోపే పోండ్రి. బువ్వ తిని మందులేసుకున్నంక కునుకు పడ్తది, అప్పుడు ఏనుగు కూడా గుర్తుకు రాదు.

ఇట్లు,
మీ పెద్దబాపు