సున్నం వేసినా నీలం పోవట్లేదంటే

రాగి పూత వేసే మీ షెడ్డులో వస్తువులు కడిగిన నీళ్లను సున్నంతో పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత) 9కి తెచ్చినా ముదురు నీలంగానే ఉంటున్నాయన్నారు కదా అన్నా, తప్పు సున్నంది కాదు, చాలావరకు అమ్మోనియాది. అది రాగిని పట్టుకుని అడుక్కి దిగనివ్వదు. వస్తువుల్ని అమ్మోనియాలో ముంచాక (అమ్మోనియా డిప్) కడిగే నీళ్లను వేరే డ్రమ్ములో పట్టండి. మిగతావి సున్నానికే తేరుకుంటాయి. ఆ డ్రమ్ములో రాగిని అడుక్కి దించడానికి సోడియం సల్ఫైడ్ వాడాలి. యాసిడ్ కలిసిన నీళ్లలో మాత్రం పొరపాటున కూడా వేయొద్దు, ప్రాణం తీసే గ్యాస్ వస్తుంది.

అసలు రాగి నీళ్లలోకి పోకుండా చూసుకోవడమే చవక. వరంగల్‌లో మా షెడ్డులో జిగ్గును, అంటే వస్తువులు తగిలించే చట్రాన్ని, పూత తొట్టి మీదే 15 సెకన్లు వేలాడదీస్తాం, చుక్కలన్నీ మళ్లీ అందులోకే. మొదట్లో కుర్రాళ్లు తెగ విసుక్కున్నారు లెండి.

నాలాలోకి వదిలే నీళ్లలో రాగి లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు, ల్యాబ్‌లో చూపించాకే వదలండి. అడుగున మిగిలిన బురదను చెత్తకుప్పలో పోయకండి, అది ప్రమాదకర వ్యర్థాల లెక్కలోకి వస్తుంది.