రోబోటిక్స్ స్టార్టప్‌కి యాక్సిలరేటర్ అవసరమా?

రాయగడ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "ముగ్గురం కలిసి రోబో తయారు చేస్తున్నాం, భువనేశ్వర్‌లో ఒక యాక్సిలరేటర్‌లో సీటు వచ్చింది, చేరాలా వద్దా?"

యాక్సిలరేటర్ అంటే కొత్త కంపెనీలకి ఓ మూడు నెలల పాటు శిక్షణ, సలహాలు ఇచ్చే ప్రోగ్రామ్. చేరే ముందు రెండు విషయాలు కనుక్కో. వాళ్ళ దగ్గర పార్టులు చెక్కే లేత్ మిషన్ ఉందా? మీ రోబోని రేపు వాడబోయే మనిషి దగ్గరికి మిమ్మల్ని పంపిస్తారా? రెండూ లేకపోతే ఆ మూడు నెలలు మీ వర్క్‌షాప్‌లోనే ఉండండి.

మాది బరంపురం. నాలుగేళ్ళ కిందట నేనూ, ఇద్దరు స్నేహితులూ జీడిపప్పు ఏరే చిన్న రోబో చేయి తయారు చేశాం. గాలి కొట్టి వేరు చేసే కలర్ సార్టర్లు పెద్ద ఫ్యాక్టరీల వాళ్ళు కొనుక్కుంటారు. పలాస, ఇచ్ఛాపురం వైపు ఇంటి పక్కన షెడ్డు వేసుకుని నడిపేవాళ్ళకి అంత స్తోమత ఉండదు, మాది వాళ్ళ కోసం. బెల్టు మీద పప్పు వస్తుంటే కెమెరా చూస్తుంది, మాడిన దాన్ని చేయి పీల్చుకుని పక్క డబ్బాలో వేస్తుంది. 240, 320 అని సైజులు చూడడం, అంటే పౌండుకి ఎన్ని గుండ్లు (విరగని పప్పులు) తూగుతాయో చూడడం, తరవాత నేర్పిద్దామనుకున్నాం.

దాంతోనే మేమూ ఒక యాక్సిలరేటర్‌లో చేరాం. ప్రోగ్రామ్ 12 వారాలు. అందులో ఎక్కువ భాగం స్లైడ్లు, మార్కెట్ సైజు లెక్కలు, పెట్టుబడి పెట్టేవాళ్ళకి ఏడు నిమిషాల్లో చెప్పడం ఎలాగో ప్రాక్టీసు. యాప్ చేసేవాళ్ళకి అది సరిపోతుందేమో గానీ మాకు ఒక మోటారు కాలిపోతే కొత్తది చైనా నుంచి వచ్చేసరికే మూడు వారాలు. అక్కడి హాల్లో తెల్లటి లైట్ల కింద మిషన్ బ్రహ్మాండంగా పనిచేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. తొమ్మిదో వారంలో మా అంతట మేమే ఇచ్ఛాపురం దగ్గర ఒక షెడ్డుకి తీసుకెళ్ళాం.

మధ్యాహ్నం మూడు గంటలకి రేకుల సందుల్లోంచి ఎండ నేరుగా బెల్టు మీద పడింది. మంచి గుండ్లన్నీ మాడిన పప్పు డబ్బాలోకి పోవడం మొదలైంది. పొట్టు పోయి పీల్చే గొట్టంలో ఇరుక్కుంది. షెడ్డు యజమాని ఏమీ అనకుండా నిలబడ్డాడు, నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి. ఇరవై ఏళ్ళుగా పప్పు ఏరుతున్న ఒక అక్క లేచి వచ్చి, తన చీర కొంగు కెమెరాకి అడ్డంగా పట్టుకుంది. "ఏటి బాబూ, ఎండ పడతంది, చూసుకోవేటి? మేం అందుకే గోడ నీడని కూకుంటాం" అంది. డబ్బాలో పడే మంచి పప్పు ఆగిపోయింది. ఇంకో మాట కూడా అంది: "ఇంత ఎత్తున పెడితే రోజంతా ఎవలు నిలబడతారు?" వాళ్ళు నేల మీద కూర్చుని పని చేస్తారు. మేం మిషన్ మూడడుగుల ఎత్తున కట్టాం.

నల్ల గుడ్డతో గూడు కట్టి లోపల మా సొంత లైటు పెట్టాం, ఎత్తు అడుగుకి దించాం. ఆ ఒక్క పూట నేర్చుకున్నది మిగతా ప్రోగ్రామ్ మొత్తంలో నేర్చుకోలేదు.

మరి ఆ పరీక్షని యాక్సిలరేటర్ వాళ్ళు లెక్కలోకి తీసుకున్నారా అంటే, లేదు. షెడ్డు ఆంధ్రలో ఉందట, పైలట్, అంటే అసలు వాడేచోట చేసే పరీక్ష, ఒడిశాలోనే చెయ్యాలట. 1936లో ఒడిశాని విడదీసి గీత గీశారు, నిజమే, కానీ జీడిపిక్కలు రోజూ అటూ ఇటూ వెళ్తూనే ఉన్నాయి కదా! మా బంధువుల్లో సగం మంది గీతకి అటువైపే ఉన్నారు. ఇది ఇప్పటికీ నాకు బాధే.

యాక్సిలరేటర్లన్నీ దండగ అనను. కేరళలో మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే బ్యాండికూట్ రోబో చూడండి. దాన్ని చేసిన జెన్‌రోబోటిక్స్ కుర్రాళ్ళకి స్టార్టప్‌లకి సాయం చేసే ప్రభుత్వ సంస్థ కేరళ స్టార్టప్ మిషన్‌తో పాటు, నీళ్ళు, మురుగు చూసే వాటర్ అథారిటీ కూడా కలిసొచ్చింది, 2018లో తిరువనంతపురంలో రోబోని మ్యాన్‌హోల్‌లోకి దించారు. సలహాలిచ్చే మెంటర్ కన్నా ముందు వాడుకునే వాళ్ళు దొరకాలి. ప్రోటోటైప్‌కి, అంటే మొదటి నమూనాకి, డబ్బు కావాలంటే కేంద్రం 2021లో పెట్టిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద ఇంక్యుబేటర్ల (స్టార్టప్‌లకి చోటు, సాయం ఇచ్చే సంస్థల) ద్వారా 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు ఇస్తున్నారో లేదో కనుక్కో. పార్టులు చేయించుకోవాలంటే హైదరాబాద్‌లో టీ-వర్క్స్ అనే వర్క్‌షాప్ ఉంది.

తమ్ముడూ, మీ రోబో ఏ పని చేస్తుందో నువ్వు రాయలేదు. మీ పక్కనే జేకేపూర్ పేపరు మిల్లు, తెరువలిలో ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉన్నాయి. ముందు అక్కడ మెయింటెనెన్స్ చూసే ఫోర్‌మన్‌ని ఎవరినైనా కలిసి మిషన్ చూపించు, ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయి.